రెండు డ్రైవ్‌లు ఒకే స్పీడ్‌లో నడవాలంటే అనలాగ్ సిగ్నల్ చాలుతుందా?

ప్రశ్న:
షీట్ లైన్‌లో రెండు రోలర్లు. చెరో ఇండక్షన్ మోటారు, చెరో డ్రైవ్ (మోటారుకి వెళ్లే ఫ్రీక్వెన్సీని మార్చి వేగాన్ని మార్చే పరికరం), గేర్‌బాక్సులు ఒకే రకం. మొదటి డ్రైవ్‌కి స్పీడ్ పాట్ (వేగం సెట్ చేసే నాబ్) ఉంది. ఆ డ్రైవ్ 0–10 వోల్టుల అనలాగ్ ఔట్‌పుట్ తెచ్చి రెండో డ్రైవ్ అనలాగ్ ఇన్‌పుట్‌కి ఇచ్చాను. రన్ కమాండ్ రెండింటికీ ఒకే స్విచ్ నుంచి వెళ్తుంది. ర్యాంప్ (వేగం ఎక్కడానికి, దిగడానికి పట్టే సమయం) మొదటిదానికి 8 సెకన్లు, రెండోదానికి 15.

స్టార్ట్ చేయగానే రెండోది వెనకబడి మధ్యలో షీట్ వేలాడుతోంది. స్టాప్ చేస్తే మొదటిది ఆగిపోయినా రెండోది తిరుగుతూ షీట్‌ని సాగదీస్తోంది. మామూలుగా నడిచేటప్పుడు కూడా మొదటిదాంట్లో 30.0 హెర్ట్జ్ ఉంటే రెండోదాంట్లో 29.6 కనిపిస్తోంది. పాట్ సున్నాకి తెచ్చినా రెండో రోలర్ మెల్లగా కదులుతోంది. ఏం మార్చాలి?

జవాబు:
ముందు ఆ 15 సెకన్ల సంగతి చూడండి. వెనక నడిచే డ్రైవ్‌కి సొంత ర్యాంప్ ఉండకూడదు. ముందుది ఎలా ఎక్కితే అలా ఎక్కాలి, ఎలా దిగితే అలా దిగాలి. రెండోదాంట్లో యాక్సిలరేషన్, డీసెలరేషన్ రెండూ అర సెకనుకి తీసుకురావాలి.

కానీ ఇప్పుడే మార్చేయకండి. దానికంటే ముందు రెండు పనులున్నాయి. మొదటి డ్రైవ్ అనలాగ్ ఔట్‌పుట్ ఏం పంపుతోందో పారామీటర్‌లో చూడండి. అది సెట్ ఫ్రీక్వెన్సీ అయితే స్టార్ట్ కొట్టగానే పూర్తి విలువ వెళ్లిపోతుంది, రెండో రోలర్ ఒక్కసారిగా దూకుతుంది. ర్యాంప్ దాటి మోటారుకి నిజంగా వెళ్లే ఔట్‌పుట్ ఫ్రీక్వెన్సీనే పంపాలి.

రెండో పని రన్ కమాండ్. ఒకే స్విచ్‌తో ఆపితే మొదటిది 8 సెకన్లు తీసుకుంటుంది, రెండోది అర సెకనులో ఆగుతుంది. షీట్ మొత్తం మధ్యలో కుప్పపడుతుంది. మొదటి డ్రైవ్ రిలేని ‘డ్రైవ్ రన్నింగ్’ మీద పెట్టి, రెండోదాని రన్ కమాండ్ ఆ కాంటాక్ట్ ద్వారా ఇవ్వండి. మొదటిది సున్నాకి దిగేదాకా ఆ కాంటాక్ట్ మూసే ఉంటుంది, అందాకా రెండోది సిగ్నల్‌ని చూసే దిగుతుంది. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం రెండింటికీ విడిగా, నేరుగా ఉండి తీరాలి. దాన్ని అనలాగ్ వైరు మీద వదిలేయడం ప్రమాదం.

రెండో డ్రైవ్‌లో ఇన్‌పుట్ ఫిల్టర్ (సిగ్నల్‌లో కుదుపులు తగ్గించేది, కానీ కొంత ఆలస్యం చేస్తుంది) కూడా చూడండి. 8 సెకన్లలో 50 హెర్ట్జ్ అంటే సెకనుకి 6 హెర్ట్జ్ పైనే. ఫిల్టర్ 0.5 సెకను ఉంటే ర్యాంప్ పొడుగునా రెండోది 3 హెర్ట్జ్ వెనకే ఉంటుంది.

మరో జవాబు:
29.6 సంగతికి మల్టీమీటర్ తీసుకోండి. మొదటిది 25 హెర్ట్జ్‌లో నడుస్తుండగా రెండో డ్రైవ్ టెర్మినల్ దగ్గరే కొలవండి. 10 వోల్టులకి 50 హెర్ట్జ్ అని సెట్ చేసి ఉంటే అక్కడ 5.00 వోల్టులు రావాలి. ముందు సున్నా దగ్గర బయాస్ (సిగ్నల్ సున్నా ఉన్నప్పటి విలువ), తర్వాత పైన గెయిన్ (వోల్టుకి ఎన్ని హెర్ట్జ్ అన్నది) సరిచేయండి. రోలర్ మెల్లగా కదలడం ఆఫ్‌సెట్ వల్లే, అంటే సున్నా దగ్గర కూడా మిగిలే చిన్న వోల్టేజ్ వల్లే. 30 మిల్లీవోల్టులు ఉన్నా 0.15 హెర్ట్జ్ అవుతుంది. చిన్న డెడ్‌బ్యాండ్ (సున్నా దగ్గర సిగ్నల్‌ని పట్టించుకోని పరిధి) ఇస్తే సరిపోతుంది. ప్యానెల్స్ దూరంగా ఉంటే 4–20 మిల్లీఆంప్‌కి మారండి, వైరు తెగితే డ్రైవ్‌కి తెలుస్తుంది. షీల్డ్ కేబుల్‌ని మోటారు కేబుళ్లతో కలిపి లాగొద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. స్టార్ట్, స్టాప్ రెండూ ఇప్పుడు సాఫీగా ఉన్నాయి. రెండు డిస్‌ప్లేల్లోనూ 30.0 వస్తోంది. అయినా లోడ్ పెరిగితే షీట్ కొంచెం కొంచెంగా వదులవుతోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
డిస్‌ప్లే చూపించేది ఫ్రీక్వెన్సీ, రోలర్ వేగం కాదు. 4 పోల్ మోటారుకి 50 హెర్ట్జ్‌లో సింక్రనస్ వేగం (లోపలి అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం) నిమిషానికి 1500 చుట్లు. ఫుల్ లోడ్‌లో అది 1440 దగ్గరే తిరగొచ్చు. ఈ వెనకబాటునే స్లిప్ అంటారు. లోడ్ తేడా ఉన్నంతకాలం ఆ స్లిప్ తేడా ఉంటుంది. స్లిప్ కాంపెన్సేషన్ ఆన్ చేస్తే చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ట్రిమ్ పాట్ (రెండోదాని వేగాన్ని కొద్దిగా సర్దే నాబ్) పెడదామనుకుంటే దాన్ని కూడికగా కాకుండా గుణకంగా పెట్టండి. 0.4 హెర్ట్జ్ కలిపితే 30 దగ్గర అది 1.3 శాతమే, 10 దగ్గర 4 శాతం. స్పీడ్ మార్చిన ప్రతిసారీ పాట్ ముట్టుకోవాల్సి వస్తుంది. షీట్ టెన్షన్ నిలకడగా కావాలంటే మాత్రం మధ్యలో డాన్సర్ రోలర్ (షీట్ వదులు, బిగువులను బట్టి పైకీ కిందకీ కదిలే రోలర్) పెట్టి, దాని పొజిషన్‌ని రెండో డ్రైవ్‌లో ఉండే పీఐడీకి (తేడా చూసి వేగాన్ని తనంతట తానే సర్దే కంట్రోల్) ఇవ్వండి. మీ అనలాగ్ వైరింగ్ ఏమీ పీకక్కర్లేదు. మెయిన్ రిఫరెన్స్ అదే, పీఐడీ దానికి కొన్ని శాతాలు మాత్రమే అటూ ఇటూ సర్దుతుంది. డాన్సర్‌కి మెకానికల్‌గా ఎంత జాగా దొరుకుతుందో చెప్పండి, సెన్సార్ సంగతి చూద్దాం.