స్టార్టర్ టెంప్లేట్‌తో పెట్టిన హ్యూగో సైట్‌కి కొత్త మార్పులు తెచ్చుకునేదెలా?

అందరికీ నమస్కారం, మాది తిరుపతి. శ్రీకాళహస్తిలో మా పిన్ని కలంకారీ వేస్తుంది, పెడనలోలా అచ్చులతో అద్దేది కాదు, కలం పట్టి చేత్తో గీసేది. ఆ పని నలుగురికీ కనిపించాలని హ్యూగో (టెక్స్ట్ ఫైళ్ల నుంచి వెబ్‌సైట్ తయారుచేసే టూల్) స్టార్టర్ టెంప్లేట్, అంటే రెడీమేడ్ సైట్ నమూనా తీసుకుని, గిట్‌హబ్ వాళ్ల హోస్టింగ్ అయిన గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ పెట్టాను. డేటాబేస్ గొడవ లేదు, పిన్ని వాట్సాప్‌లో ఫొటో పంపితే ఒక మార్క్‌డౌన్ ఫైల్ (చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్ ఫైల్) రాసి గిట్‌హబ్‌కి పుష్ చేస్తే చాలు.

చిక్కల్లా ఇప్పుడే. అసలు టెంప్లేట్‌లో మంచి మార్పులు వచ్చాయి, అవి నాకు కావాలి. కానీ 'యూజ్ దిస్ టెంప్లేట్' బటన్‌తో తీసిన రిపో (సైట్ ఫైళ్లుండే ఫోల్డర్) కదా, పాత మార్పుల హిస్టరీ రాలేదు, రెండిటినీ మెర్జ్ చేయబోతే (కలపబోతే) రెండు హిస్టరీలకూ సంబంధం లేదని గిట్ (మార్పుల లెక్క ఉంచే టూల్) ఆపేస్తోంది. బలవంతంగా కలిపితే ఏ ఫైల్ తెరిచినా కాన్‌ఫ్లిక్టే, నా మార్పూ వాళ్ల మార్పూ ఢీకొంటున్నాయి. సీఎస్ఎస్‌లో (సైట్ ఎలా కనిపించాలో చెప్పే ఫైల్) నేను మార్చినవి పోతాయేమోనని టెన్షన్. హెడ్డింగుల లైన్ హైట్ 1.1 ఉండేది, ఇంగ్లీషుకి సరిపోతుందేమో గానీ 'కృష్ణుడు' అని రాస్తే ణ వత్తు కింది లైన్ గుడులకు తగిలేది, 1.6 చేశాకే చదవబుద్ధేసింది.

సైట్ మెయిన్ ఫోల్డర్‌లోని (రూట్) లేఅవుట్స్, ఎసెట్స్ ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లనే హ్యూగో థీమ్ (సైట్ డిజైన్ ఫైళ్లు) కంటే ముందు తీసుకుంటుంది కాబట్టి, థీమ్‌ని హ్యూగో మాడ్యూల్‌గా, అంటే బయటి నుంచి విడిగా తెచ్చుకునే భాగంగా విడదీసి నా మార్పులు అక్కడ పెట్టుకుందామని ఆలోచన. నడుస్తున్న సైట్‌ని ఇలా మార్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏది ముందు, ఏది తర్వాత చేశారు? సైట్‌ని ఆటోమేటిక్‌గా తయారుచేసే గిట్‌హబ్ యాక్షన్స్‌లో హ్యూగో వెర్షన్ కూడా ఒకదానికే కట్టేయాలా? పాత లింకులు మాత్రం అస్సలు మారకూడదండీ, చీరలతో ఇచ్చే కార్డుల మీద క్యూఆర్ కోడ్ ప్రింట్ అయిపోయింది.