మొదటి ఎయిర్ రైఫిల్: డబ్బు దేనిమీద పెట్టాలి?

ప్రశ్న (కొత్తగురి):
కొంతకాలంగా క్లబ్బు రైఫిల్‌తో 10 మీటర్ల గురి సాధన చేస్తున్నాను. పతకాల ఆశ లేదు గానీ, మనసు నిలిపి కాల్చే ఆ కాసేపు నాకు బాగా నచ్చింది. అందుకని సొంత రైఫిల్ కొనాలనుకుంటున్నాను. నా దగ్గరున్న సొమ్ముకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, కొత్త స్ప్రింగ్ రైఫిల్ తీసుకుని దానిపై మంచి టెలిస్కోప్ బిగించుకోవడం. రెండవది, ఇంకొకరు కొంతకాలం వాడిన పీసీపీ (సిలిండర్‌లో ముందే ఒత్తిడితో నింపిన గాలితో కాల్చే) మ్యాచ్ రైఫిల్, అంటే పోటీ రైఫిల్ తీసుకోవడం. కాల్చేటప్పుడు వేసుకునే గట్టి జాకెట్, గ్లవ్, ఖరీదైన పెల్లెట్లు (గుళ్లు) కూడా మొదటి నుంచే అవసరమా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

నిలకడ:
మీరు రాసిన రెండు దారులూ రెండు వేర్వేరు ఆటలకు పోయేవి. స్ప్రింగ్ రైఫిల్‌లో మీట (ట్రిగ్గర్) నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికి చేరి ఆగేటప్పుడు మళ్లీ ముందుకు కుదులుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలవుతుంది కాబట్టి, పట్టు ఏమాత్రం మారినా గురి మారిపోతుంది. ఈ రెండు వైపుల కుదుపును తట్టుకునేలా తయారు చేయని టెలిస్కోప్ ఎంత ఖరీదైనదైనా కొన్నాళ్లకే పాడవుతుంది. పైగా చాలా టెలిస్కోపులను దూరపు గురి కోసం అమర్చి ఉంచుతారు కనుక 10 మీటర్ల దగ్గర బొమ్మ మసకగా కనిపిస్తుంది. పోటీ నియమాల ప్రకారం 10 మీటర్ల రైఫిల్‌కు టెలిస్కోప్ వాడకూడదు కూడా. మీరు సాధన చేస్తున్నది ఈ క్రీడే అయితే వెనుక డయాప్టర్ (చిన్న రంధ్రంలోంచి చూసే గురిసాధనం), ముందు రింగు ఉన్న మ్యాచ్ రైఫిల్ వైపే చూడండి. కుదుపును లోపలే మింగేసే పాత మ్యాచ్ స్ప్రింగ్ రైఫిళ్లు కూడా ఉన్నాయి. ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ అలాంటిదే. అది మంచి స్థితిలో దొరికితే సిలిండర్ నింపే బెడద కూడా ఉండదు.

పాతచేయి:
నిలకడ గారి మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే వాడిన పీసీపీ కొనేటప్పుడు అందరూ గొట్టంలోకి తొంగి చూస్తారు గానీ, నేనైతే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూస్తాను. సాధారణంగా 200 బార్ ఒత్తిడితో నింపే వస్తువు అది. చాలా తయారీ సంస్థలు దానికి 10 ఏళ్ల వాడకాన్నే పరిమితిగా చెబుతాయి. గడువు దాటితే కొత్త సిలిండర్ ఖరీదును బేరంలోంచి తగ్గించమనండి. సిలిండర్ నింపి, పీడనమాపకం చూపిన అంకె రాసుకుని, మరునాడు మళ్లీ చూస్తే గాలి కారుతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. నింపేది పొడి గాలే అయి ఉండాలి. ఆక్సిజన్‌తో ఎన్నడూ నింపకూడదు, అమరికల దగ్గర మామూలు నూనె కూడా పూయకూడదు, ఎందుకంటే ఆ రెండింటివల్లా పేలుడు ప్రమాదం ఉంది.

ఆ తరువాత స్టాక్ సంగతి. చెంప ఆనే భాగం, భుజానికి ఆనే బట్ ప్లేట్, పిడి మీ ఒంటికి తగినట్టు జరుగుతాయో లేదో రైఫిల్ ఎత్తి నిలబడి చూడండి. తల వంచకుండానే కన్ను డయాప్టర్ వెనుకకు చేరాలి. చేరకపోతే ఆ రైఫిల్ ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. ఏ కన్ను ప్రధానమో కూడా ముందే పరీక్షించుకోండి. కుడిచేతి వాటం ఉన్నా ఎడమ కన్ను ప్రధానమైనవారు తక్కువేమీ కాదు. మీ దేశంలో ఎయిర్ రైఫిల్‌కు అనుమతి కావాలో, ఎంత శక్తి వరకు మినహాయింపు ఉందో బయానా ఇవ్వకముందే కనుక్కోవడం మరిచిపోకండి.

రేంజ్‌మిత్ర:
పెల్లెట్ల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. 4.49, 4.50 మిల్లీమీటర్లు అంటూ పెల్లెట్ తల కొలతలు చూసి, రైఫిల్‌ను బిగింపులో పెట్టి, ఒక్కో బ్యాచ్‌ను పరీక్షించడం పోటీదారులకు అవసరమే. కానీ మీ చేతి కదలికవల్ల వచ్చే చెదురు పెల్లెట్ వల్ల వచ్చే చెదురుకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నన్నాళ్లు ఆ డబ్బు వృథాయే. 4.5 మిల్లీమీటర్ల బోరుకు (గొట్టం లోపలి వ్యాసానికి) సరిపోయే, తల చదునుగా ఉండే, మధ్యరకం మ్యాచ్ పెల్లెట్లు ఒకే రకంవి తీసుకుని వాడుతూ ఉండండి. చదును తల కాగితాన్ని గుండ్రంగా కోస్తుంది కాబట్టి స్కోరు చదవడం తేలిక.

మిగిలిన సొమ్ము జాకెట్ మీద పెట్టండి. నిలబడి కాల్చేటప్పుడు నడుము వెనక్కి వంగి, ముందుచేతి మోచేయి తుంటి ఎముకపై ఆనుతుంది. గరిష్ఠంగా 5.5 కిలోల వరకు ఉండగల రైఫిల్ బరువును ఆ భంగిమలో గంటకు పైగా మోస్తుంటే, జాకెట్ లేనివారికి ముందు అలిసేది వెన్నే.

కొత్తగురి:
అందరికీ ధన్యవాదాలు. మ్యాచ్ రైఫిల్ వైపే మొగ్గుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. అంత గట్టి జాకెట్ వేసుకుంటే నిలకడ నాది అవుతుందా, బట్టది అవుతుందా?

రేంజ్‌మిత్ర:
న్యాయమైన సందేహమే. అందుకే నియమాలు జాకెట్ మందాన్ని 2.5 మిల్లీమీటర్లకు పరిమితం చేసి, బట్ట బిగుసుదనాన్ని కూడా పరికరంతో కొలుస్తాయి. జాకెట్ వెన్నును కాపాడుతుందే తప్ప ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో, మీట ఎప్పుడు నొక్కాలో చెప్పదు. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే; పెల్లెట్ అంచు దాన్ని తాకినా పది వస్తుంది, అంటే పెల్లెట్ నడిబొడ్డు కేంద్రం నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు పడాలి. ఆ పని బట్ట చేసిపెట్టదు.

నిలకడ:
ఒక చిన్న చేర్పు. కాల్చని కన్నును మూయకండి, మూస్తే రెండవ కన్ను కూడా త్వరగా అలుస్తుంది. డయాప్టర్ పక్కన 30 మిల్లీమీటర్లకు మించని అడ్డుపట్టీ పెట్టుకుంటే చాలు. మ్యాచ్ రైఫిళ్లలో చాలావాటికి పెల్లెట్ లేకుండా మీట సాధన చేసే సదుపాయం ఉంటుంది, కొనేటప్పుడు అది పనిచేస్తుందో లేదో చూసుకోండి. మామూలు స్ప్రింగ్ రైఫిల్‌ను మాత్రం ఖాళీగా కాల్చకూడదు, పిస్టన్ దెబ్బతింటుంది. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక సాధన ముగియగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.