స్టీఫెన్ కింగ్‌ని ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

బత్తాయితోట:
నల్లగొండలో రూమ్ తీసుకొని డీఎస్సీకి చదువుతున్నా. రాత్రి పది దాటాక సిలబస్ బుర్రకెక్కదు, అప్పుడు దయ్యాల కథలు రాసుకుంటా. "స్టీఫెన్ కింగ్‌ని చదవకుండానే హారర్ రాస్తున్నావా?" అన్నాడు రూమ్మేటు. లిస్టు తీస్తే అరవైకి పైనే నవలలు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏది ముందు చదవాలి?

పానగల్లు:
'ది షైనింగ్' (1977). 1974లో ఆయనా భార్యా కొలరాడోలో స్టాన్లీ హోటల్లో దిగితే, సీజన్ అయిపోయి మర్నాడు మూసేస్తున్నారట. దాదాపు ఖాళీ హోటల్, 217 నంబరు గది, ఒక్క రాత్రి. నవల అక్కడ పుట్టింది. సినిమా చూశాలే అని వదిలేయకు, ఆ సినిమా ఆయనకే నచ్చలేదు.

హైవే పక్కిల్లు:
తమ్ముడూ, నేనైతే 'క్యారీ' (1974) అంటా. చిన్న నవల, నీ ఇంగ్లీషుకు సరిపోతుంది. పైగా అది రాసేటప్పటికి ఆయనా బడిపంతులే. ఏడాదికి 6,400 డాలర్ల జీతం, ట్రైలర్ ఇంట్లో కాపురం, ఇద్దరు పిల్లలు. మొదటి పేజీలు బాగాలేవని చెత్తబుట్టలో పడేస్తే భార్య టబితా తీసి చదివి, పూర్తి చేయమంది. నవల తీసుకుంటున్నామని పబ్లిషర్ టెలిగ్రామ్ కొట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఖర్చు తగ్గించుకోవడానికి ఫోన్ పీకించేసుకున్నారు. అడ్వాన్సు 2,500 డాలర్లు. తర్వాత పేపర్‌బ్యాక్ హక్కులు 4 లక్షల డాలర్లకు పోయాయి, అందులో సగం ఆయనది. అప్పుడు మానేశాడు బడి.

కానీ నన్ను పట్టుకున్నది 'పెట్ సెమెటరీ' (1983). అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఆరింగ్టన్ అనే ఊళ్లో, లారీలు రయ్యిమని పోయే రోడ్డు పక్క ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కూతురి పిల్లి ఆ రోడ్డు మీదే పోయింది. ఇంటి వెనక ఆ చుట్టుపక్కల పిల్లలు జంతువుల్ని పాతిపెట్టే చోటుంది. టైటిల్లో స్పెల్లింగ్ తప్పు (Cemetery బదులు Sematary) ఆ పిల్లలు బోర్డు మీద రాసిందే. ఒకరోజు చిన్నకొడుకు రోడ్డు వైపు ఉరికాడు, కొద్దిలో తప్పింది. 'తప్పకపోయి ఉంటే?' అదే నవల. రాసి, భయమేసి, కింగ్ దాన్ని సొరుగులో పడేశాడు. పబ్లిషర్‌కి ఒక పుస్తకం బాకీ ఉండబట్టి బయటికొచ్చింది.

మాది కట్టంగూరు దగ్గర, 65వ నంబరు హైవే పక్కనే. సంక్రాంతి ముందు విజయవాడ వైపు పోయే బండ్ల వరుస చూసే ఉంటావు. ఆ రద్దీలోనే మా కుక్క రాజుగాడు పోయాడు. గోనెసంచిలో చుట్టి నిమ్మచెట్టు కింద పాతిపెట్టా. మర్నాడు పొద్దున మా పాప, ఐదేళ్లది, చెంబుతో నీళ్లు తెచ్చి ఆ మట్టి మీద పోస్తోంది. "ఏందమ్మా?" అంటే "మొలుస్తడు కదా" అంది. అప్పటికి నేనా నవల సగంలో ఉన్నా. ఆ రాత్రి పుస్తకం ముట్టలేదు. గేటుకు మాత్రం తాళం వేసొచ్చా.

నిమ్మకాయల బస్తా:
మనకు యండమూరి 'తులసిదళం' చాలదా? ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వస్తుంటే మా అమ్మ భయపడుతూనే చదివేదట. మాది నకిరేకల్, నిమ్మకాయలు లారీలకెత్తే ఊరు. అయినా నాలుగు బాటల కాడ కుంకుమ పూసిన ఒక్క నిమ్మకాయ కనబడితే హమాలీ కూడా చుట్టు తిరిగిపోతాడు. ముందు అది రాయి. కింగ్ నవల 'ఇట్' జోలికి మాత్రం డీఎస్సీ అయ్యేదాకా పోకు, వెయ్యి పేజీలు దాటుతుంది.

బత్తాయితోట:
అందరికీ థ్యాంక్స్. 'క్యారీ'తో మొదలుపెడతా. హైవే అన్నా, ఆ చెంబు సంగతి నా కథలో వాడుకోనా?

హైవే పక్కిల్లు:
వాడుకో. కుక్క పేరు మార్చు. మా పాప ఇప్పుడు కూడబలుక్కొని చదువుతోంది.