థీసిస్ పనికి ఏఐని నమ్మవచ్చా?

కనిగిరి పరిశోధకుడు:
మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. పాత పరిశోధనలు చెప్పమంటే ఏఐ 9 పేపర్లు ఇచ్చింది. మూడు ఎక్కడా లేవు. ఒకదాని డీఓఐ (పేపరుకు ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు) నొక్కితే చేపల మీద రాసిన వేరే పేపరు తెరుచుకుంది. మా గైడ్ ఇక దాని జోలికి పోవద్దన్నారు. మీరేమంటారు?

ఒంగోలు లెక్చరర్:
గైడ్ మాట విను. 2022 నవంబరులో మెటా కంపెనీ సైన్సు కోసమే గెలాక్టికా అనే ఏఐ మోడల్ తెచ్చింది. లక్షల పేపర్లు చదివించినా తప్పుల్ని నిజాల్లా రాస్తోందని విమర్శలు రావడంతో డెమోను మూడు రోజులకే తీసేశారు. ఏ మాట పక్కన ఏ మాట అతుకుతుందో చూసి పేర్చడమే ఏఐ పని. రచయిత పేరు, పత్రిక, సంవత్సరం కూడా అలాగే అతికిస్తుంది.

నెల్లూరు లైబ్రేరియన్:
సార్, కారణం ఒప్పుకుంటాను, జోలికే పోవద్దంటే ఒప్పుకోను. తమ్ముడూ, నీ జాబితాలో 1937 నాటి షార్ట్, పండిట్, రాఘవాచారి పేపరు ఉందా? ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును, బయటపెట్టిన తొలి పరిశోధనల్లో ఒకటి. ప్రకాశం అని వెతికితే అది దొరకదు, దాని శీర్షికలో ఉన్నది నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా ఏర్పడిందే 1970లో. కనిగిరి, పొదిలి అంతకుముందు నెల్లూరువే. పళ్ల మీది గారను అప్పట్లో 'మాటిల్డ్ ఎనామెల్' అని రాసేవారు. ఏఐని పేపర్లు అడగొద్దు, ఇలాంటి పాత పేర్లు, పాత మాటలు అడుగు. వాటితో నువ్వే వెతుకు. అది తప్పు చెప్పినా అక్కడే తేలిపోతుంది.

ఒంగోలు లెక్చరర్:
వెతకడం వరకైతే సరే. సారాంశం రాయించుకుంటేనే నాకు టెన్షన్. తాగునీటిలో ఫ్లోరైడ్ పరిమితి ఎంత అంటే 1.5 మిల్లీగ్రాములని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రామే. వేరే నీళ్లు దొరకని చోటే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ షరతు జారిపోతే, 1.3 ఉన్న బోరు మంచిదేనని థీసిస్‌లోకి ఎక్కుతుంది. ఆ నీళ్లు తాగేది మన ఊళ్ల పిల్లలు. షరతుల్ని వదలకుండా, ఏ పేజీలో ఉందో చూపించి, తెలియనిది తెలియదని చెప్పే మోడల్ వస్తే నేనే వాడమంటాను.

కనిగిరి పరిశోధకుడు:
1937 పేపరు నా జాబితాలో లేదు, నెల్లూరు అని కొడితే దొరికింది. సార్, మీరు చెప్పాక నా రెండో అధ్యాయం తీసి చూశాను. 1.5 అనే ఉంది, షరతు లేదు. అది ఏఐ రాసింది కాదు, నేనే రాశాను. ఈ రాత్రికే దిద్దుతున్నాను.