అప్‌డేట్: నలుగురిలో పాడలేకపోతున్నానని అడిగాను కదా, పాడేశాను

మూడు నెలల క్రితం అడిగాను: ఒక్కదాన్నే ఉంటే బాగానే పాడతాను, నలుగురిలో పాడమంటే మాత్రం ఏదో సాకు చెప్పి తప్పించుకుంటాను, ఏం చేయాలి అని. ఓపికగా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసిన సలహా ఒక్కటే: రికార్డ్ చేసి వారం దాకా వినకుండా పక్కన పెట్టడం. పాడిన వెంటనే వింటే ప్రతి తప్పూ ముల్లులా గుచ్చుకునేది. వారం ఆగి వింటే ఎవరో పాడినట్టుంది. రెండో చరణంలో ఒకచోట శ్రుతి జారింది, నిజమే. మిగతాదానికి "బాగానే పాడిందే" అని పైకే అనేసి, నాలుక కరుచుకున్నాను.

రికార్డింగ్‌లో నా గొంతు పీలగా ఉంటుందన్న బాధ సంగతి మా సంగీతం టీచర్ తేల్చేశారు. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది, అందుకే నిండుగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో ఆ ఎముకల వాటా ఉండదు. అంటే మిగతావాళ్లు మొదటినుంచీ వింటున్నది ఆ 'పీల' గొంతునే, అయినా పాడమనే అడుగుతున్నారు! ఇన్నేళ్లూ టెన్షన్ పడింది దీనికా?

మిగతా సలహాల్లో, కొత్త మైక్ కొనడం దండగ. అద్దం ముందు నిలబడి నన్ను నేను పొగుడుకోవడం నా వల్ల కాలేదు, నవ్వొచ్చింది.

మొన్న పదిహేనుమంది ముందు పాడాను. మొదటి చరణం అయ్యేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వచ్చే నెల మళ్లీ పాడమన్నారు. సాకు వెతక్కుండా సరేనన్నాను.