మారుతి ఈకో వ్యాన్ రాత్రంతా రోడ్డు మీదే ఉంటోంది, సైలెన్సర్ పోకుండా ఏం చేయించాలి?

కేఆర్‌పురం_ఈకో:
బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాం. 2021 మోడల్ ఈకో, పెట్రోల్, తెల్ల బోర్డు. అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ లేదు, రాత్రి బండి గేటు బయటే. ఈకోల సైలెన్సర్లే ఎక్కువగా పోతున్నాయంటున్నారు. ఇక్కడి వెల్డింగ్ షాపాయన సైలెన్సర్‌ని ఛాసిస్‌కి పట్టీలతో కలిపి వెల్డింగ్ కొట్టేస్తా, ఇక ఎవడూ కదపలేడు అంటున్నాడు. చేయించవచ్చా? అలారం పెడితే సరిపోతుందా? పోతే ఇన్సూరెన్స్ వస్తుందా?

పదమూడో_పానా:
వెల్డింగ్ మాత్రం వద్దండీ. ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది, సైలెన్సర్ రబ్బరు హ్యాంగర్ల మీద దానితోపాటే ఊగాలి. పైగా వేడెక్కినప్పుడు పైపు సాగుతుంది. ఛాసిస్‌కి బిగించేస్తే ఆ కదలిక అంతా పైపులు కలిసే ఫ్లాంజ్ జాయింట్ మీద పడుతుంది. ముందు గ్యాస్కెట్ పోతుంది, తర్వాత వెల్డింగ్ పక్కనే పైపు చీలుతుంది. ఆ లీకు ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు వచ్చిందా, బయటి గాలి లోపలికి లాగుతుంది. పెట్రోల్ తక్కువ పడుతోందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఇంకా ఎక్కువ పోస్తుంది. మైలేజీ పోతుంది, కన్వర్టర్ (సైలెన్సర్‌తో కలిసి ఉండే, పొగని శుభ్రం చేసే డబ్బా, దొంగలకి కావాల్సింది అదే) అతిగా వేడెక్కి పాడవుతుంది. దొంగ నుంచి కాపాడబోయి మనమే దాన్ని చంపుకున్నట్టు.

చేయించాల్సింది బోను. అది సైలెన్సర్‌కి ఎక్కడా తగలకుండా ఛాసిస్‌కి మాత్రమే బిగియాలి. 4 లేదా 5 ఎంఎం మందం ఇనుప పట్టీతో చేయించండి. పట్టీకీ కన్వర్టర్‌కీ మధ్య చుట్టూ కనీసం 25 ఎంఎం ఖాళీ ఉండాలి. గాలి ఆడాలి కాబట్టి కింద నిండు రేకు వేయనివ్వకండి, దాని మీద ఎండుటాకులు, చెత్త చేరితే అంటుకునే ప్రమాదం ఉంది. ఛాసిస్‌లో ఇప్పటికే ఉన్న రంధ్రాలే వాడమనండి, కొత్తవి వేస్తే అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. ఆక్సిజన్ సెన్సర్ వైరు పట్టీ అంచుకి రాసుకోకూడదు.

బోను బోల్టులకి షియర్ నట్లు వేయించండి. బిగించాక పానా పట్టే తల తెగిపోతుంది, నున్నటి గుండ్రం మాత్రమే మిగులుతుంది. మామూలు నైలాన్ లాక్ నట్లు ఆ వేడికి కరిగి వదులవుతాయి. ఫ్లాంజ్ దగ్గర స్ప్రింగు బోల్టులు ఉంటే వాటి జోలికి పోవద్దు. బండి మీద ఏ చిన్న వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి, లేకపోతే ఈసీయూ కాలిపోవచ్చు. సామాన్లు జేసీ రోడ్డులో దొరుకుతాయి, పట్టీ పని పీణ్యాలో ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా చేస్తారు.

జయనగర్_ఆటోఎలక్ట్రిక్:
ఈకోలే ఎందుకంటే, కన్వర్టర్ సైలెన్సర్‌తో కలిసి బండి కింద ఉంటుంది, పడుకుని పానా వేస్తే అందుతుంది. చాలా చిన్న పెట్రోల్ కార్లకి అది ఇంజిన్ మానిఫోల్డ్‌కే అతుక్కుని ఉంటుంది, తీయడం అంత తేలిక కాదు. దొంగలకి కావాల్సింది లోపలి ప్లాటినం, పల్లేడియం, రోడియం.

కంపెనీ ఇమ్మొబిలైజర్ ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపుతుంది, కింద పానా తిరిగితే దానికి తెలియదు. బయటి అలారం పెట్టించేటప్పుడు షాక్ సెన్సర్, టిల్ట్ సెన్సర్ రెండూ ఉన్నది తీసుకోండి. పానాతో మెల్లగా విప్పితే షాక్ సెన్సర్ పట్టుకోకపోవచ్చు, జాకీ ఎత్తితే టిల్ట్ పట్టుకుంటుంది. అందుకే అలారం బోనుకి తోడే తప్ప బదులు కాదు. సెన్సిటివిటీ మరీ పెంచితే లారీ పోయినా మోగుతుంది, నాలుగు రోజులకి మీరే ఆపేస్తారు. బండిని సైలెన్సర్ వైపు గోడకి వీలైనంత దగ్గరగా ఆపండి, మనిషి దూరే సందు ఉండకూడదు.

కేఆర్‌పురం_ఈకో:
చాలా థ్యాంక్సండీ, వెల్డింగ్ ఆలోచన మానేశాను. కన్వర్టర్ మీద బండి నంబర్ కొట్టించమని ఒకరు చెప్పారు. సుత్తి, పంచ్‌తో కొట్టించవచ్చా?

పదమూడో_పానా:
పంచ్ అస్సలు వద్దు. లోపల ఉండేది తేనెపట్టు లాంటి సిరామిక్, దెబ్బకి చిట్లుతుంది. ముక్కలు గలగలలాడతాయి, పైపుకి అడ్డం పడితే పికప్ పోతుంది. ఎలక్ట్రిక్ ఎన్‌గ్రేవింగ్ పెన్నుతో పైపైన ఛాసిస్ నంబర్ గీయించి, 600 డిగ్రీలు దాటినా తట్టుకునే పెయింట్ కొట్టించండి. అక్షరాలు పెద్దగా, కింద నుంచి చూస్తే కనపడేలా ఉండాలి.

ఇంకో సంగతి. రోడ్డు మీదే కాదు, గ్యారేజీలోనూ పోతుంది. డబ్బా కోసి, లోపలిది తీసేసి, మళ్లీ వెల్డింగ్ చేసి పెట్టేస్తారు. బయటికి అంతా మామూలుగానే ఉంటుంది. బండి ఇచ్చే ముందు కన్వర్టర్ వెల్డింగ్ గీతలు దగ్గర నుంచి ఫొటోలు తీసుకోండి. తిరిగొచ్చాక కొత్త గీత కనపడినా, ఇంజిన్ లైట్ వెలిగి, స్కానర్‌లో పీ0420 (కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదనే) కోడ్ వచ్చినా గట్టిగా అడగండి.

పాలసీ_పేజీలు:
ఇన్సూరెన్స్ సంగతి: థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి వచ్చే కవర్) ఉంటే విడిభాగం దొంగతనానికీ క్లెయిమ్ పెట్టవచ్చు. బండి ముట్టుకోకుండా ఫొటోలు తీసి, 112కి చెప్పి, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ చేయించండి. కర్ణాటక పోలీసుల ఈ-లాస్ట్ యాప్ రసీదు పోగొట్టుకున్న వస్తువులకే, దొంగతనానికి పనికిరాదు. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూడకముందే కొత్తది బిగిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

జీరో డెప్ (తరుగు తీసేయని అదనపు కవర్) లేకపోతే ఇనుప భాగాలకి 4 నుంచి 5 ఏళ్ల బండికి 35 శాతం, 5 దాటితే 10 ఏళ్ల వరకు 40 శాతం తరుగు తీసేస్తారు. 1500 సీసీ లోపు సొంత కార్లకి ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మన జేబు నుంచి పెట్టుకోవాల్సింది 1000 రూపాయలు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, లెక్క వేసుకుని దిగండి.

జయనగర్_ఆటోఎలక్ట్రిక్:
పొద్దున స్టార్ట్ చేయగానే ట్రాక్టర్ మోత వస్తే సైలెన్సర్ పోయినట్టే, అక్కడే ఆపేయండి. ఈకోకి ఇంజిన్ సీటు కిందే, పొగ నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. నడిపించుకుని వెళ్లకుండా టోయింగ్ పిలవండి. కన్వర్టర్ లేకుండా ఖాళీ పైపు వేసి నడిపిద్దాం అనే మెకానిక్ మాట వినకండి, చట్టం ఒప్పుకోదు. బిల్లు లేని సెకండ్‌హ్యాండ్ కన్వర్టర్ చవగ్గా దొరికినా తీసుకోవద్దు, అది ఇంకొకరి బండి కింద నుంచి విప్పిందే అయి ఉండవచ్చు. దొంగసొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కొన్నవాళ్ల మీదా కేసు పడుతుంది.