బియ్యం మూటలో మాత్రలు తేవచ్చా?

నరసన్నపేట అమ్మాయి:
అన్నయ్యలకి, అక్కలకి నమస్తే. వచ్చే నెల మాస్టర్స్‌కి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వస్తున్నాను. అమ్మ పది కిలోల బియ్యం కడుతోంది. పురుగు పట్టకుండా మిల్లులో వాడే మాత్రలు రెండు గుడ్డలో చుట్టి మధ్యలో పెట్టింది. ఎలకల పేస్టు, బాత్రూం యాసిడ్ కూడా సర్దుతానంటోంది. ఫర్వాలేదా?

బొబ్బిలి అక్క:
ముందు ఆ మూట విప్పించు తల్లీ, బేగి. ఆ మాత్రలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మిల్లులో బస్తాల మీద టార్పాలిన్ కప్పి రోజుల తరబడి మూసి ఉంచేది అందుకే. నువ్వు దిగబోయేది చలికి కిటికీ కూడా తెరవని గది. విమానం అయితే ఎక్కించనే కూడదు.

ఇక్కడ 1972 నాటి పాయిజన్స్ యాక్ట్ ఉంది. ఆ మాత్రల మందు దాని జాబితాలో ఉంది. ఎలకల పేస్టులో సాధారణంగా ఉండే పసుపు ఫాస్ఫరస్ కూడా ఉంది. హోం ఆఫీస్ (ఇక్కడి హోం శాఖ) లైసెన్స్ లేకుండా మనలాంటివాళ్లు వీటిని తేవడమే కాదు, ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. రెండేళ్ల వరకు జైలు. యాసిడ్ ఊసే వద్దు. ఇక్కడ కొనే డ్రెయిన్ క్లీనర్‌లో సల్ఫ్యూరిక్ యాసిడ్ 15 శాతం దాటినా లైసెన్స్ అడుగుతారు.

చీపురుపల్లి బాబాయి:
మన దగ్గర మాత్రం చట్టం లేదా ఏంటి? విషాల చట్టం 1919 నుంచీ ఉంది. యాసిడ్ కొనాలంటే ఐడీ చూపించాలి, రిజిస్టర్‌లో రాయాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు అని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మొన్న ఊరెళ్లి ఒక సీసా కొంటే కొట్టువాడు నన్ను అడిగింది ఒక్కటే: "సంచి తెచ్చారా?"

బొబ్బిలి అక్క:
బాబాయ్, అదే అలవాటుతో ఇక్కడికొచ్చి ఇరుక్కుంటారు పిల్లలు. అమ్మాయీ, అసలు బియ్యం ఎందుకు? సోనామసూరి ఇక్కడ దొరుకుతుంది. పురుగు భయముంటే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి డబ్బాలో పోసుకో. ఆ బరువుకి ఆవకాయ తెచ్చుకో.

నరసన్నపేట అమ్మాయి:
అమ్మకి చెప్తే "నువ్వు పుట్టకముందు నుంచీ వేస్తున్నాం, ఎవరికేమైంది" అంది. నాన్న మిల్లులో గుమస్తా. ఆయన ఏమీ మాట్లాడకుండా మూట విప్పి గుడ్డ వరండాలో పెట్టారు. ఇప్పుడు వాటిని ఏం చెయ్యాలి అక్కా?

బొబ్బిలి అక్క:
ఎవరూ చేత్తో ముట్టుకోకండి. నీళ్లలో వెయ్యొద్దు, కాలవలో పారెయ్యొద్దు. మిల్లులో మందు పెట్టేవాళ్లకి నాన్నగారిని ఫోన్ చెయ్యమను, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. ఆ మూటలో బియ్యం మాత్రం వండకండి.